పదకొండో సందేశం ఎక్కడికి పోతుంది?

పిట్టలవానిపాలెం, చందోలు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి పొద్దున్నే బస్సెక్కి బాపట్లకో తెనాలికో చదువుకు వెళ్లే పిల్లల్లో ఇంజనీరింగ్ విద్యార్థులు ఎందరో ఉన్నారు. 1981లో మొదలైన బాపట్ల ఇంజనీరింగ్ కాలేజీ ఈ ప్రాంతానికి కూతవేటు దూరంలోనే ఉంది. వీళ్లు మొదటి ఏడాది సీ భాషలో లూపులు, పాయింటర్లు నేర్చుకుంటారు. ఆపరేటింగ్ సిస్టమ్స్ దగ్గరికి వచ్చేసరికి మెసేజ్ క్యూ ఎదురవుతుంది. ఒకే యంత్రంలో నడుస్తున్న రెండు ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగమైన కెర్నెల్ ఏర్పరిచే వరస ఇది. ఒక ప్రోగ్రాం సందేశాన్ని అందులో వేస్తుంది, రెండోది తీరిక దొరికినప్పుడు తీసుకుంటుంది. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. క్యూను పుట్టించడం ఒక వాక్యంతో అయిపోతుంది. దాని పొడవు ఎంత, ఒక్కో సందేశం ఎంత ఉండొచ్చు, ఎవరిని రానివ్వాలి, నిండితే ఏం చేయాలి, ఎప్పుడు తీసేయాలి అన్న నిర్ణయాల్లోనే అసలు పని ఉంది. మన ల్యాబుల్లో ఆ నిర్ణయాలకు చోటు దొరకడం లేదు.

ఆధారం సిలబస్‌లోనే ఉంది. హైదరాబాద్ జేఎన్‌టీయూ లినక్స్ ప్రోగ్రామింగ్ ల్యాబ్ చేసినవాళ్లకు బాగా తెలిసిన అభ్యాసం ఒకటుంది. సెండర్ అనే సీ ప్రోగ్రాం చదివే, రాసే అనుమతులతో ఒక మెసేజ్ క్యూ తయారుచేసి, వేరువేరు ప్రాధాన్య సంఖ్యలతో మూడు సందేశాలు అందులో వేయాలి. రిసీవర్ అనే ప్రోగ్రాం వాటిని తీసి తెరమీద చూపాలి. అభ్యాసం మంచిదే. రెండు ప్రోగ్రాములు విడివిడిగా నడుస్తూ మాట్లాడుకోవడం విద్యార్థి కళ్లారా చూస్తాడు. కానీ మూడు సందేశాలు ఏ క్యూలోనైనా పడతాయి. మూడింటితో క్యూ నిండదు, సందేశం పెద్దదై ఇరుక్కోదు, తీసుకునేవాడు ఆలస్యం చేయడు. అవుట్‌పుట్ వస్తుంది, రికార్డులో సంతకం పడుతుంది. క్యూ అనేదాన్ని ఎందుకు కనిపెట్టారో ఆ ఇబ్బంది మాత్రం ఒక్కసారి కూడా విద్యార్థి ముందుకు రాదు.

ఆ ఇబ్బంది ఎలా ఉంటుందో మన ప్రాంతపు ఉదాహరణతో చూద్దాం. ఇది కల్పించిన ఉదాహరణ, ఏ కేంద్రంలోనూ జరిగినది కాదు. ఖరీఫ్ కోతలయ్యాక కృష్ణా పశ్చిమ డెల్టాలో ధాన్యం కాటాకు వస్తుంది. ఒక ధాన్యం కొనుగోలు కేంద్రంలో లినక్స్ కంప్యూటర్ ఉందనుకోండి. అందులో ఒక ప్రోగ్రాం కాటా నుంచి తూకం చదువుతుంది. ఇంకో ప్రోగ్రాం ఆ తూకాన్ని నెట్‌వర్క్ మీద దూరంలో ఉన్న సర్వర్‌కు పంపుతుంది. రెండింటి మధ్య ఒక మెసేజ్ క్యూ ఉంది. రెండు నిమిషాలకొక ట్రాక్టర్ కాటా ఎక్కుతోంది. ఇంతలో సిగ్నల్ పోయి అరగంట దాకా రాలేదు. పంపే ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది, తూకాలు మాత్రం వస్తూనే ఉంటాయి. ఇరవై నిమిషాల్లో పది తూకాలు చేరతాయి. ఈ పది అన్న సంఖ్యను గుర్తుంచుకోండి. లినక్స్‌లో పోసిక్స్ అనే పద్ధతిలో మెసేజ్ క్యూను కొలతలేవీ చెప్పకుండా తయారుచేస్తే, మామూలు అమరికలో అందులో పట్టే సందేశాలు సరిగ్గా 10.

పదకొండో తూకం ఏమవుతుంది? అది పూర్తిగా ప్రోగ్రాం రాసినవాడి నిర్ణయం. ఏమీ చెప్పకపోతే, పంపే ఫంక్షన్ క్యూలో చోటు దొరికేదాకా కదలదు. అంటే కాటా చదివే ప్రోగ్రాం స్తంభించిపోతుంది, తెర బిగుసుకుపోతుంది, ట్రాక్టర్ కాటా మీదే నిలబడిపోతుంది. రైతుకు కారణం తెలియదు, ఆపరేటర్‌కూ తెలియదు. క్యూను నాన్‌బ్లాక్ గుర్తుతో తెరిస్తే ఫంక్షన్ ఆగకుండా వెంటనే వెనక్కి వస్తుంది, మైనస్ ఒకటి ఇచ్చి, మళ్లీ ప్రయత్నించమనే అర్థం వచ్చే దోష సంఖ్యను వదిలివెళుతుంది. ఆ మైనస్ ఒకటిని ప్రోగ్రాం చూడకపోతే తూకం మాయమవుతుంది. రైతు ఇంటికి వెళ్లిపోతాడు, లెక్కలో ఆ ధాన్యం ఉండదు. ఈ రెండిటికీ మధ్య మూడో దారి ఉంది. ఎంక్యూ టైమ్‌డ్ సెండ్ అనే ఫంక్షన్‌తో కొన్ని క్షణాలు ఆగి చూసి, అప్పటికీ చోటు దొరకకపోతే తూకాన్ని ఫైల్లో రాసి ముందుకు పోవచ్చు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. దానికి ఇవ్వాల్సింది ఐదు క్షణాలు అన్న వ్యవధి కాదు, గడియారంలో ఫలానా క్షణం దాకా అన్న గడువు. ఇప్పటి సమయం చదివి, దానికి ఐదు కలిపి ఇవ్వాలి. వట్టి ఐదు అని ఇస్తే ఆ గడువు 1970 జనవరి మొదటి తేదీన, మొదటి నిమిషంలోనే దాటిపోయినట్టు లెక్క. నిండిన క్యూ ముందు ఒక్క క్షణం కూడా ఆగకుండా వెనక్కి వచ్చేస్తుంది.

ఇంతకీ సీ ప్రోగ్రాములకు లినక్స్‌లో రెండు రకాల క్యూలు దొరుకుతాయి. మొదటిది ఏటీ అండ్ టీ సంస్థ 1983లో విడుదల చేసిన సిస్టమ్ ఫైవ్ యూనిక్స్ నుంచి వచ్చింది. ఎమ్మెస్‌జీ గెట్‌తో దాన్ని పుట్టిస్తాం. రెండోది 1993 నాటి పోసిక్స్ రియల్ టైమ్ ప్రమాణంలోది. లినక్స్ కెర్నెల్‌లోకి అది 2004లో, 2.6.6తో వచ్చింది. ఎంక్యూ ఓపెన్‌తో దాన్ని పుట్టిస్తాం. ఈ రెండూ నిండే తీరు వేరు. పోసిక్స్ క్యూ సందేశాలను లెక్కపెడుతుంది, సిస్టమ్ ఫైవ్ క్యూ ప్రధానంగా బైట్లను లెక్కపెడుతుంది. లినక్స్‌లో మామూలుగా ఒక సిస్టమ్ ఫైవ్ క్యూ 16384 బైట్లు పట్టుకుంటుంది. మన తూకపు సందేశం 64 బైట్లయితే అలాంటివి 256 పడతాయి, 257వది ఆగుతుంది. ఒకే తూకం, ఒకే యంత్రం. ఒక పద్ధతిలో పదకొండో ట్రాక్టర్ దగ్గర ఆగిన పని, ఇంకో పద్ధతిలో ఎనిమిదిన్నర గంటల దాకా సాగుతుంది. ఈ తేడా తెలియకుండా ఏదో ఒకటి ఎంచుకున్నవాడు నిజానికి ఏదీ ఎంచుకోలేదు.

సరే, పొడవు పెంచుదామని విద్యార్థి పోసిక్స్ క్యూకు వంద సందేశాలు అని రాశాడనుకుందాం. మామూలు వాడుకరి ఖాతాలో నడిపితే కెర్నెల్ ఒప్పుకోదు, చెల్లని విలువ అంటుంది. ప్రాక్ ఫైల్ వ్యవస్థలో ఎంక్యూ విభాగం కింద యంత్రం మొత్తానికి గరిష్ఠ పరిమితి రాసి ఉంటుంది. దాన్ని రూట్ అధికారం ఉన్నవాళ్లు పెంచాలి. ఇది విసుగు పుట్టించే అడ్డంకిలా అనిపిస్తుంది కానీ, దాని వెనక న్యాయం ఉంది. క్యూలోని సందేశాలు కెర్నెల్ మెమరీని ఆక్రమిస్తాయి. ఒక్కో వాడుకరికి అన్ని పోసిక్స్ క్యూలకూ కలిపి మామూలుగా 819200 బైట్ల హద్దు ఉంటుంది. కొలతలు చెప్పకుండా పుట్టించిన క్యూలో ఒక్కో సందేశానికి 8192 బైట్ల చోటు కేటాయిస్తారు. అలాంటివి పది అంటే 81920 బైట్లు. ఆపైన కెర్నెల్ పెట్టుకునే సొంత లెక్కల ఖర్చు కలుస్తుంది. కాబట్టి అలాంటి క్యూలు తొమ్మిది పుట్టాక పదోదానికి చోటు చాలదు. 64 బైట్లు చాలే తూకానికి 8192 బైట్లు కేటాయించినవాడు తన హద్దును తానే తినేస్తున్నాడు. సందేశం పరిమాణం సరిగా చెబితే అదే మెమరీలో ఎన్నో రెట్లు పొడవైన క్యూ దొరుకుతుంది.

పరిమాణంతో ఇంకో చిక్కు ఉంది. పిల్లలు ల్యాబులో ఎక్కువగా తలపట్టుకునేది ఇక్కడే అనిపిస్తుంది. పోసిక్స్ క్యూ నుంచి తీసుకునేటప్పుడు మన బఫర్ ఆ క్యూకు చెప్పిన గరిష్ఠ పరిమాణానికి తగ్గకూడదు. వచ్చిన సందేశం ఐదు అక్షరాలే అయినా సరే. క్యూ 8192తో పుట్టి, రిసీవర్‌లో 64 అక్షరాల వరస ఉంటే మొదటి సందేశమే అందదు. సరేనని విద్యార్థి ప్రోగ్రాంలో పరిమాణం 64కి మార్చి మళ్లీ నడుపుతాడు. మళ్లీ అదే దోషం. ఎందుకంటే క్యూలు ప్రోగ్రాంతో చావవు. తొలగించేదాకా, లేదా యంత్రం మళ్లీ మొదలయ్యేదాకా కెర్నెల్‌లో బతికే ఉంటాయి. లేకపోతే పుట్టించమనే ఓ క్రియేట్ గుర్తు ఉన్నా, ఆ పేరుతో పాత క్యూ ఉంటే కెర్నెల్ దాన్నే తెరిచి ఇస్తుంది. కొత్తగా రాసిన కొలతలను పట్టించుకోదు, పట్టించుకోలేదని చెప్పదు కూడా. దీనికి మందు రెండు మాటలు. క్యూను పుట్టించాల్సిన ప్రోగ్రాం ఓ క్రియేట్‌తో పాటు ఓ ఎక్స్‌క్లూజివ్ గుర్తు కూడా పెడితే, పాతది ఉన్నప్పుడు ఉందని దోషం చెబుతుంది. దాన్ని వాడుకోవాల్సిన ప్రోగ్రాం తెరిచిన వెంటనే ఎంక్యూ గెట్ ఆట్రిబ్యూట్‌తో కొలతలు చదివి, తాను అనుకున్నవేనా అని సరిచూసుకోవాలి. తరువాత మారుద్దామంటే కుదరదు. సెట్ ఆట్రిబ్యూట్ ఫంక్షన్ మార్చగలిగేది నాన్‌బ్లాక్ గుర్తు ఒక్కదాన్నే. సిస్టమ్ ఫైవ్ వైపు చిక్కు వేరు. పంపేటప్పుడు చెప్పే పరిమాణంలో ముందుండే రకం సంఖ్యను కలపకూడదు. మొత్తం స్ట్రక్చర్ సైజు ఇచ్చేస్తే, 64 బిట్ల లినక్స్‌లో హద్దు దాటి ఎనిమిది బైట్లు చదివినట్టవుతుంది.

ఇప్పుడు ఆ ప్రాధాన్య సంఖ్యల సంగతి. సిస్టమ్ ఫైవ్ సందేశానికి ఉండేది రకం, అది సున్నా కంటే పెద్ద సంఖ్య కావాలి. తీసుకునేటప్పుడు సున్నా అని అడిగితే వచ్చిన వరసలోనే వస్తాయి, రకం ఏదైనా సరే. ఒక ధన సంఖ్య ఇస్తే ఆ రకంవి మాత్రమే వస్తాయి. రుణ సంఖ్య ఇస్తే, ఆ హద్దు లోపల అతి చిన్న రకం ముందు వస్తుంది. అంటే ఇక్కడ చిన్న సంఖ్యకు పెద్దపీట. పోసిక్స్‌లో నేరుగా ప్రాధాన్యమే ఉంటుంది, పెద్ద సంఖ్య ముందు వస్తుంది, సమానమైతే ముందు వచ్చినది ముందు. రెండు పద్ధతులూ ఎదురెదురు దిక్కుల్లో నడుస్తాయి. సిస్టమ్ ఫైవ్ క్యూలో మూడు సందేశాలు వేసి, సున్నాతో తీసి, పంపిన వరసలోనే వచ్చాయని రికార్డులో రాసిన విద్యార్థి అభ్యాసం పూర్తిచేసినట్టే లెక్క. ప్రాధాన్యం ఏమిటన్నది మాత్రం అతను చూడనేలేదు. కాటా ఆగిపోయిందన్న హెచ్చరిక మామూలు తూకాల వెనక నిలబడకూడదు అన్నప్పుడు ఈ తేడా విలువ తెలుస్తుంది.

అనుమతుల విషయంలో చాలామంది 0666 అని అలవాటుగా రాస్తారు. కొత్తగా పుట్టేవాటి అనుమతులను తగ్గించే యూమాస్క్ అమరిక సిస్టమ్ ఫైవ్ క్యూకు వర్తించదు కనుక, ఆ యంత్రంలో ఖాతా ఉన్న ఎవరైనా దాన్ని చదవొచ్చు, అందులో రాయొచ్చు. మన ఉదాహరణలో దొంగ తూకం చొప్పించడానికి అంతకన్నా ఏం కావాలి? ఒకే గ్రూపులో ఉన్న రెండు ప్రోగ్రాములకు 0660 చాలు. పోసిక్స్ క్యూకు యూమాస్క్ వర్తిస్తుంది. 0666 రాసినా మామూలు యూమాస్క్ దాన్ని 0644 చేస్తుంది, వేరే వాడుకరి పేరుతో నడిచే సెండర్‌కు అనుమతి లేదని వస్తుంది. ల్యాబ్ సర్వర్‌లో అరవై మంది ఒకేసారి లాగిన్ అయి, అందరూ 1234 అనే ఒకే కీతో 0666 సిస్టమ్ ఫైవ్ క్యూ తెరిస్తే, అందరిదీ ఒకటే క్యూ అవుతుంది. ఒకరి సందేశం ఇంకొకరి రిసీవర్ మింగేస్తుంది. మన పిల్లలకు భద్రత అనే పాఠం పుస్తకం లేకుండా నేర్పడానికి ఇంతకంటే మంచి సందర్భం దొరకదు.

ఇక అభ్యంతరాలు. ఈ రోజుల్లో కంపెనీలు కాఫ్కా, రాబిట్ ఎంక్యూ లాంటి పెద్ద సందేశ వ్యవస్థలు వాడుతుంటే, కెర్నెల్ క్యూలతో పిల్లలకేం పని అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి సందేశం వెళ్లాలంటే కెర్నెల్ క్యూ పనికిరాదు. యంత్రం ఆగిపోతే అందులో ఉన్నవి పోతాయి కూడా. కాబట్టి తూకం లాంటి విలువైన వివరాన్ని ముందు ఫైల్లో రాసి, ఆ తరువాతే క్యూలో వేయాలి. కానీ ఆ పెద్ద వ్యవస్థలు మన ప్రశ్నలను తప్పించవు, వాటికి తమ జవాబులు ఇస్తాయి. రాబిట్ ఎంక్యూలో క్యూకు గరిష్ఠ పొడవు పెడితే, నిండినప్పుడు మామూలుగా వరస మొదట్లో ఉన్న పాత సందేశాన్ని పారేస్తుంది. అలా వద్దు, కొత్తదాన్నే తిప్పికొట్టు అని మనం విడిగా చెప్పాలి. కాఫ్కా సందేశాలను మామూలు అమరికలో 168 గంటలు ఉంచి, ఆపైన పాతవాటిని తొలగిస్తుంది, ఎవరైనా చదివారా లేదా అని చూడదు. పదకొండో సందేశం సంగతి సీలో ఒకసారి తేల్చుకున్న విద్యార్థి ఈ అమరికలు చూడగానే ప్రాణం ఎక్కడుందో పట్టుకుంటాడు. తేల్చుకోనివాడు ఉద్యోగంలో చేరాక, ఎవరిదో డేటా పోయాక నేర్చుకుంటాడు.

మరొక అభ్యంతరం, ఇంత తర్జనభర్జన ఎందుకు, అధికారం తీసుకుని క్యూను వీలైనంత పెద్దది చేస్తే పోదా అని. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం దీనికి జవాబు చెబుతుంది. వరసలో సగటున ఉండే సంఖ్య, వచ్చే వేగాన్ని సగటు నిరీక్షణతో గుణించినదానికి సమానం. తీసుకునే ప్రోగ్రాం ఒక్కోదానికి మూడు క్షణాలు తీసుకుంటే, 200 సందేశాల వెనక చేరినది పది నిమిషాలు ఆగాలి. క్యూ పొడవు పెంచితే కాసేపటి ఒడిదుడుకులను తట్టుకోవచ్చు, అరగంట సిగ్నల్ పోవడం అలాంటిదే. రోజంతా వచ్చే వేగం కంటే పంపే వేగం తక్కువైతే మాత్రం ఎంత పొడవైనా నిండుతుంది, నిండేలోపు ప్రతి సందేశం పాతబడుతుంది. కింద డ్రెయిన్ పూడుకుపోయినప్పుడు పైన బోదె వెడల్పు చేస్తే చేలో నీళ్లు దిగవని డెల్టా రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నిండిన క్యూ మొదట చేసే మేలు ఈ సంగతి త్వరగా బయటపెట్టడమే. దాన్ని అతిపెద్దది చేయడమంటే ఆ కబురు ఆలస్యంగా తెలిసేలా చేసుకోవడం.

ఇంకో రంగంలో ఈ వాదన ఎప్పుడో ఒప్పుకున్నారు. చిన్న చిన్న పరికరాల్లో నడిచే ఫ్రీఆర్‌టాస్‌లో మామూలు క్యూను పుట్టించే ఫంక్షన్‌కు రెండే విలువలు ఇవ్వాలి, పొడవు ఎంత, ఒక్కో అంశం పరిమాణం ఎంత. రెండూ చెప్పకుండా క్యూ పుట్టదు. కిలోబైట్ల మెమరీతో బతికే పరికరంలో ఆ ప్రశ్న తప్పించుకునే వీలు లేదు కనుక, ఫంక్షనే అడిగేస్తుంది. బాపట్లలో 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉంది, వ్యవసాయ ఇంజనీరింగ్ చదువూ ఉంది. నేల తేమ, కాలువ నీటి మట్టం కొలిచే చిన్న పరికరాల మీద ఇక్కడి పిల్లలు పనిచేయాలంటే, పొడవు, పరిమాణం రెండూ ఆలోచించి చెప్పే అలవాటు వాళ్లకు ల్యాబులోనే రావాలి.

మూడు గంటల ల్యాబులో ఇదంతా ఎలా కుదురుతుందన్నది అధ్యాపకుల బాధ. అది నిజమైన బాధ, సిలబస్ బరువు వాళ్ల మీదే ఉంది. కానీ ఇందులో అదనపు ప్రోగ్రాం ఏమీ అక్కర్లేదు. ఉన్న సెండర్‌నే పోసిక్స్ క్యూతో, రిసీవర్ లేకుండా, పదకొండు సందేశాలతో నడపమనండి. అది ఆగిపోవడం విద్యార్థి చూస్తాడు. పక్క టెర్మినల్‌లో రిసీవర్ మొదలుపెడితే కదలడం చూస్తాడు. నాన్‌బ్లాక్ గుర్తు పెట్టి మళ్లీ నడిపితే మైనస్ ఒకటి చూస్తాడు. పరిమాణం మార్చి, పాత క్యూ తీసేయకుండా నడిపితే కెర్నెల్ మౌనం చూస్తాడు. పావుగంట పని ఇది. మార్కుల్లో రెండింటిని దీనికి కేటాయించి, వైవాలో ఒక్క ప్రశ్న అడిగితే చాలు, మిగతాది పిల్లలే చదువుకుంటారు.

తొలగించడం కూడా ఆ పావుగంటలోనే. పోసిక్స్ క్యూను ఎంక్యూ అన్‌లింక్‌తో తీసేస్తే పేరు వెంటనే పోతుంది, అప్పటికే తెరిచి ఉంచుకున్న ప్రోగ్రాములు మూసేదాకా క్యూ బతుకుతుంది. సిస్టమ్ ఫైవ్ క్యూను ఎమ్మెస్‌జీ కంట్రోల్‌తో తీసేస్తే అప్పటికప్పుడే పోతుంది, దాని ముందు ఎదురుచూస్తున్న ప్రోగ్రాం క్యూ లేదన్న దోషంతో మేలుకుంటుంది. ల్యాబ్ ముగిసే ముందు ఐపీసీఎస్ ఆదేశాన్ని క్యూ గుర్తుతో ఒకసారి నడిపితే, ఎవరెవరి సిస్టమ్ ఫైవ్ క్యూలు మిగిలిపోయాయో, ఒక్కోదాంట్లో ఎన్ని సందేశాలు ఎవరూ తీసుకోకుండా ఉన్నాయో వరసగా కనిపిస్తాయి. డెవ్ డైరెక్టరీ కింద ఎంక్యూ మౌంట్ అయి ఉంటే, పోసిక్స్ క్యూలు మామూలు ఫైళ్లలా అక్కడ దొరుకుతాయి. ఆ రెండు జాబితాలూ ఖాళీగా ఉన్నాయని చూశాకే రికార్డులో సంతకం పెట్టాలని నా విన్నపం.